సముద్రంలోంచి విశాఖ: బోటెక్కి బీచ్ రోడ్డు మేడలు చూడాలంటే

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా ఊరిని సముద్రం వైపు నుంచి చూసినవాళ్లు తక్కువే. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటూ సముద్రాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కానీ జమీందార్లు గాలి కోసం కట్టుకున్న బంగళాలు, డచ్చి బంగళా అనే పాత ఇల్లు, వాటి మధ్య లేచిన హోటళ్లు, అపార్ట్‌మెంట్లు అన్నీ సముద్రానికే ముఖం పెట్టుకుని ఉన్నాయి. రోడ్డు మీద కారులో వెళ్తూ చూస్తే ఒక్కొక్కటి పక్క నుంచి జారిపోతుంది. బోటులోంచైతే వరసంతా ఒక్కసారి కళ్ల ముందుంటుంది.

ఈ ప్రయాణం పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అయితే చిన్న చిన్న పొరపాట్లకే చప్పబడిపోతుంది. చాలావరకు నేను చేసినవే కాబట్టి, మీరు చేయకుండా వరసగా చెప్తాను.

ముందు వేళ సంగతి తేల్చుకోండి

అందరూ సాయంత్రం బోటుకే ఎగబడతారు. సూర్యాస్తమయం, చల్లగాలి, లైట్లు. నేనూ మొదటిసారి డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రమే వెళ్లాను, మా అత్తయ్యనీ మేనల్లుణ్నీ వెంటబెట్టుకుని. బోటులో పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే పక్కన కూర్చున్న అత్తయ్య ఏమంటోందో వినపడలేదు. గంట అని చెప్పి ముప్పావు గంటకే వెనక్కి తిప్పేశారు. అదైనా సర్దుకునేవాణ్ని. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే మేడలన్నీ నల్ల అట్టముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టున్నాయి, వాటి వెనక మాత్రం బ్రహ్మాండమైన ఎర్రటి ఆకాశం.

తప్పు ఫోన్‌ది కాదు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. బీచ్ రోడ్డు మేడలు చూసేది ఆగ్నేయానికి. పొద్దున ఎండ నేరుగా వాటి ముఖం మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు వాటి వెనక కొండల్లోకి దిగుతాడు. పైగా నేల వేడెక్కేకొద్దీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పెరుగుతుంది, దాంతో బోటు ఊపూ పెరుగుతుంది. కాబట్టి మేడలు చూడాలనుకుంటే ఆ రోజు మొదటి ట్రిప్పు ఎక్కండి. శీతాకాలంలో తొమ్మిది, పది గంటల ఎండ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. గోడల రంగులు, కిటికీలు, వసారాలు విడివిడిగా తెలుస్తాయి. పుట్టినరోజు పార్టీకో, లైట్ల కోసమో అయితే సాయంత్రమే వెళ్లండి, కాదనను.

ఏ నెలలో

జనవరి నుంచి మార్చి వరకు సముద్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. అదే నా మొదటి ఎంపిక. జూన్ దాటాక నైరుతి గాలులు మొదలై కెరటాలు పెద్దవవుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది ఈ ఊరి మీదికే, కాబట్టి ఇక్కడెవరికీ ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది గానీ వేరే ఆకర్షణ ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలంలో చేపలకు ఊపిరి ఇవ్వడానికి. ఆ రోజుల్లో బోట్లన్నీ హార్బర్‌లోనే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. రంగురంగుల ముక్కులు, జెండాలు, ఎండబెట్టిన వలలు, పగుళ్లు పూడ్చి రంగులేస్తున్న కళాసీలు. మేడల సంగతి అటుంచి, దీనికోసమే మే నెలలో ఒకసారి వెళ్లాను.

డిసెంబరు మొదటి వారం కాస్త చూసుకోండి. నాలుగో తేదీ నేవీ డే. దానికి ముందు రిహార్సళ్లు, ఆ రోజు విన్యాసాలు ఉంటే ఆర్కే బీచ్ ముందు సముద్రంలో మామూలు బోట్లకు ఆంక్షలుంటాయి.

ముందురోజు రాత్రి చేయాల్సిన పని

రెండు చూడండి. ఒకటి, పోర్టులో ప్రమాద సూచిక ఏదైనా ఎగరేశారా అని. టీవీ స్క్రోలింగులో "ఒకటో నంబరు", "మూడో నంబరు" అని వస్తుంటాయి కదా, అవే. ఒకటో నంబరంటే దూరాన సముద్రంలో ఎక్కడో వాయుగుండం ఉందని. మూడో నంబరంటే ఈదురుగాలులు ఈ రేవు దాకా రావచ్చని. మూడు ఉంటే ఆ ఆలోచన మానుకోండి. ఒకటే ఉన్నా నేనైతే పిల్లల్ని తీసుకెళ్లను. రెండోది కెరటాల ఎత్తు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి కెరటాల ఎత్తు ఎంత ఉంటుందో ముందే ప్రకటిస్తుంది. మత్స్యకారులు దాన్ని నమ్ముతారు, మనమూ నమ్మొచ్చు. ఒకటిన్నర మీటర్లు దాటితే పెద్దవాళ్లకి టెన్షన్, పిల్లలకి వాంతులు. ఇది నా సొంత కొలత.

ఎక్కడ ఎక్కాలి

మేడలు చూడ్డానికి ఫిషింగ్ హార్బర్ జెట్టీ వైపు నుంచి బయల్దేరే బోట్లే సరైనవి. జగదాంబ జంక్షన్ మీదుగా ఆటోలో దగ్గరే. రుషికొండలో కూడా బోట్లున్నాయి గానీ అక్కడివి ఎక్కువగా స్పీడ్ బోటులో గిర్రున తిప్పి తెచ్చేవి. సరదా వేరు, చూడ్డం వేరు. ఇక 2023 సెప్టెంబరులో మొదలైన క్రూజ్ టెర్మినల్ నుంచి వెళ్లే పెద్ద ఓడల సంగతి పూర్తిగా వేరే. అవి రాత్రిళ్లు గడిపే ప్రయాణాలు, ఒడ్డు వెంబడి తీరిగ్గా తిప్పడం వాటి పని కాదు.

టికెట్ తీసుకునేముందు అడగాల్సిన ప్రశ్న "ఎంత?" ఒక్కటే కాదు. "ఎంతదాకా వెళ్తుంది?" అని అడగండి. హార్బర్ నోటి దగ్గర చుట్టు తిప్పి తెచ్చేదానికీ, కనీసం ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దాటి వెళ్లేదానికీ పేరు ఒకటే, "సీ క్రూజ్". బీచ్ రోడ్డు మొదట్లో ఉన్న కోస్టల్ బ్యాటరీ దాటకపోతే మీకు కనిపించేవి పోర్టు క్రేన్లే. ఎంతసేపు, పాటలు పెడతారా, జనం తక్కువైతే రద్దు చేస్తారా అని కూడా అడిగేయండి. మామూలు రోజుల్లో తక్కువ మందితో బోటు కదలదు, అరగంట అటూఇటూ అవుతుంది. పదిమంది బంధువులు కలిస్తే బోటు మొత్తం మాట్లాడుకోవడం మేలు. పాటలు ఆపమనే హక్కు అప్పుడు మీదే.

జెట్టీలో వేటబోటు వాళ్లెవరైనా "రండి బాబూ, మేం తిప్పుతాం, తక్కువకే" అంటే నవ్వి పక్కకు తప్పుకోండి. మంచివాళ్లే, సముద్రం వాళ్లకి కొట్టినపిండే. కానీ అది ప్రయాణికులను ఎక్కించుకునే బోటు కాదు. ఏదైనా అయితే వాళ్లకీ నష్టమే, మనకీ నష్టమే.

లైఫ్ జాకెట్

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. ఆ తర్వాతే మన రాష్ట్రంలో పర్యాటక బోట్ల మీద నిఘా గట్టిపడింది, రుషికొండతో సహా పలుచోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. అయినా చివరి తనిఖీ మనదే. బోటు మీద ఎంతమందిని ఎక్కించొచ్చో రాసి ఉంటుంది. తలలు లెక్కపెట్టండి, సిగ్గేం లేదు.

జాకెట్ ఇస్తే మెడలో వేసుకుని ఊరుకోకండి. పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచిపోతే మీకు పెద్దదన్నమాట, వేరేది అడగండి. పిల్లలకి పిల్లల జాకెట్టే కావాలి. పెద్దల జాకెట్ తొడిగితే పిల్లాడు నీళ్లలో కిందికి జారిపోతాడు, జాకెట్ పైకి తేలుతుంది. లోపలి స్పాంజి నొక్కితే గట్టిగా, ముక్కలుముక్కలుగా తగిలితే అదీ వద్దు. చీర కట్టుకున్నవాళ్లు పైట లోపలికి దోపుకుని జాకెట్ వేసుకోవాలి. చున్నీ అయితే బ్యాగులో పెట్టేయండి, గాలికి అది ఎక్కడ చుట్టుకుంటుందో తెలీదు.

కడుపు సంగతి

ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ తిప్పుతాయి. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, అంతే. మా అత్తయ్య ఆ రోజు జెట్టీకి వచ్చే దారిలో నాలుగు మైసూర్ బజ్జీలు లాగించి ఎక్కింది. మిగతాది చెప్పను.

బస్సులో తిరిగేవాళ్లకి బోటులోనూ తిరుగుతుంది. వాంతుల మాత్ర వేసుకునే అలవాటుంటే బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. వాటిలో చాలావరకు నిద్ర తెప్పిస్తాయి, కాబట్టి తర్వాత బండి నడపకండి. పిల్లలకి, గర్భిణులకి డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. బోటులో మధ్యలో, కాస్త వెనకగా కూర్చుంటే ఊపు తక్కువ. ఫోన్ వైపు చూడ్డం మానేసి, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత మీద చూపు పెట్టండి. చెవి ఊగుతోందంటుంది, కన్ను ఊగడం లేదంటుంది. ఆ పేచీయే కడుపులో తిప్పడానికి కారణం. గీతను చూస్తే రెండూ రాజీపడతాయి.

ఎక్కడం

జెట్టీ మీద అరగంట ముందే ఉండండి. వాసనకి పిల్లలు ముక్కులు మూసుకుంటారు, ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది. ఇంకా పొద్దున్నే వస్తే వేలంపాట చూడొచ్చు. బోట్లలోంచి గంపలు దిగుతుంటాయి, ఐసు గడ్డలు పగలగొడుతుంటారు, జాలరి ఆడవాళ్లు వంజరం, చందువ కుప్పల చుట్టూ నిలబడి క్షణాల్లో ధర తేల్చేస్తుంటారు. దారికి అడ్డం నిలబడకండి, గంప మోసేవాళ్లు ఆగరు.

బోటుకీ జెట్టీకీ మధ్య ఒక పాత లారీ టైరు వేలాడుతుంటుంది. దాని పక్కన సిమెంటు అంచు పాచిపట్టి నునుపుగా ఉంటుంది. బోటు ఓ జానెడు పైకి లేస్తుంది, మూరెడు కిందికి దిగుతుంది, టైరు కిర్రుమంటుంది. నేను ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో నీళ్ల సీసా పట్టుకుని, దిగినప్పుడు కాలు వేయబోయాను. బోటు నడిపే సరంగు లోపలి నుంచి అరిచాడు: "ఏటి బాబూ అది! సేతులు ఖాళీ సేసుకోండి ముందు. బోటు పైకొచ్చినప్పుడు కాలెయ్యాల, దిగినప్పుడు కాదు." అంతకంటే మంచి పాఠం నాకు తెలీదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, వెనక పట్టీ ఉన్న చెప్పులుండాలి, బోటు అంచు జెట్టీతో సమానంగా వచ్చిన క్షణంలో అడుగేయాలి. దూకకూడదు. పెద్దవాళ్లని కళాసీ మోచేయి పట్టుకుని ఎక్కిస్తాడు, వాళ్లు కూడా అతని మోచేయే పట్టుకోవాలి. వేళ్లు పట్టుకుంటే జారిపోతాయి.

ఎటు కూర్చోవాలి

హార్బర్ నోరు దాటాక బోటు ఎడమకు, ఈశాన్యంగా తిరుగుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు ఊరు మీ ఎడమ చేతివైపు. తిరిగొచ్చేటప్పుడు కుడివైపు. పరిగెత్తి ముక్కు దగ్గర సీటు పట్టుకునేవాళ్లని పట్టుకోనివ్వండి, నీళ్లు చిందేది అక్కడే. మీరు ఎడమ అంచున, మధ్యకి కాస్త వెనక కూర్చోండి. ఒకటే నియమం: మేడ కనిపించిందని అందరూ ఒక్కసారిగా ఒకవైపు లేవకూడదు. చిన్న బోటు అటే ఒరుగుతుంది.

ఏం చూడాలి

బయటికి వస్తూనే కుడివైపు డాల్ఫిన్ నోస్. 174 మీటర్ల కొండ, సముద్రంలోకి ముక్కు చాచినట్టు. దాని పాదం దగ్గర ఓ ముచ్చట దాగుంది. 1933లో రేవు తెరిచినప్పుడు ఇసుకనీ కెరటాలనీ ఆపడానికి రెండు పాత ఓడలను అక్కడే కావాలని ముంచి అడ్డుగోడగా వాడారు. ఇప్పుడు వాటి జాడ పైకి తెలియదు గానీ, ఆ అడ్డుకట్టలే ఈ ఊరి బీచ్ కథకి మొదలు. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డుకట్టలు దాన్ని పట్టేస్తాయి. అవతల ఉన్న ఆర్కే బీచ్‌కి రావలసిన ఇసుక రాదు. అందుకే పోర్టువాళ్లు ఇసుక తవ్వి మళ్లీ బీచ్‌కి పోస్తుంటారు. బోటులోంచి ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కోస్టల్ బ్యాటరీ దగ్గర ఇసుక సన్నటి పట్టీ, రాళ్లు, గోడ. ముందుకెళ్లేకొద్దీ ఒక్కోచోట వెడల్పవుతుంది.

కోస్టల్ బ్యాటరీ దాటాక నోవోటెల్ హోటల్ ఉన్న భాగం వస్తుంది. ఇక్కడ కళ్లు పెద్దవి చేసుకోవాలి, ఎందుకంటే మీరు వెతికేవి పెద్ద కట్టడాలు కాదు. ఎత్తైన అద్దాల మేడల మధ్య, చెట్ల మీంచి తొంగిచూసే ఎత్తు తక్కువ పాత కట్టడం హవామహల్. ఒడిశాలోని జయపురం రాజులది, రాజస్థాన్ జైపూర్ కాదు. 1917లో మొదలుపెట్టి 1923కి కట్టారు. పేరులోనే ఉంది కారణం, గాలి. ఒడ్డున నిలబడి చూస్తే ఆ పేరు ఎందుకో అనిపిస్తుంది. బోటులో మీ వీపుని తోస్తున్న గాలి నేరుగా ఎక్కడికెళ్తోందో చూడండి, ఆ వసారాల్లోకే. కరెంటు పంకా కరువైన రోజుల్లో ఆ గాలి కోసమే చుట్టుపక్కల సంస్థానాలవాళ్లు వాల్తేరు సముద్రపు ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. పాత ఊరి ఇరుకు, జబ్బులు తప్పించుకుని తెల్లదొరలు ఎత్తు మీదున్న వాల్తేరుకి మారిందీ ఈ గాలి కోసమే.

ఇదే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం కూడా ఉంది. డచ్చి బంగళా అంటారు, నూటయాభై ఏళ్ల పైబడిన ఇల్లు. సముద్రం నుంచి దాన్ని పోల్చుకోవడం కష్టం. రోడ్డు మీద ముందే ఒకసారి చూసి, పక్కనున్న పెద్ద కట్టడం ఏదో గుర్తుపెట్టుకుని వెళ్లాలి. నేను రెండోసారికి గానీ పట్టుకోలేకపోయాను.

ఒకటి గమనించండి. మేడలన్నీ రోడ్డుకి అవతలి పక్కనే. రోడ్డుకీ నీళ్లకీ మధ్య ఇళ్లు దాదాపు కనిపించవు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం, ఊరిగా పెరిగిపోయిన తీరంలో కొత్త కట్టడాలు ఇప్పటికే ఉన్న రోడ్డుకి నేలవైపే రావాలి. ఆ నిబంధన 1991లో వచ్చింది. బీచ్ రోడ్డు గీసిన గీతే ఊరికి అంచయింది.

తర్వాత కాళీమాత గుడి, దాని దగ్గర్లోనే ఒడ్డెక్కిన కుర్సురా సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవు, లోపలికెళ్తే ఊపిరాడనంత ఇరుకు. ఇక్కడి నుంచి మాత్రం ఎవరో ఇసుకలో మరిచిపోయిన నల్ల పెన్సిల్లా ఉంటుంది. 1969 నుంచి 2001 దాకా నీళ్లలో తిరిగి, 2002లో మ్యూజియం అయింది. దానికి శత్రువైన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ, 1971 డిసెంబరులో మునిగినది, ఈ రేవుకి దగ్గర్లోనే సముద్రం అడుగున ఇంకా ఉంది. బోటులో ఈ మాట చెప్తే పిల్లలు మేడలొదిలేసి నీళ్లలోకి చూస్తారు.

ఆపైన వుడా పార్కు, ఎత్తు మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్ చెట్లు, పెదజాలరిపేట తెప్పలు, లాసన్స్ బే. ఇక్కడికి ఊరి రూపం మారుతుంది. వరసగా ఉన్న మేడలు తగ్గి వాటి వెనక కొండ ముందుకొస్తుంది. కైలాసగిరి మీద తెల్లటి శివపార్వతులు మొదట చిన్న చుక్కలా కనిపించి, బోటు దగ్గరయ్యేకొద్దీ ఇద్దరవుతారు. దాని కింద తెన్నేటి పార్కు. 2020 అక్టోబరులో గాలివానకి బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది అక్కడే.

మామూలు ట్రిప్పులు ఈపాటికే వెనక్కి తిరిగేస్తాయి. బోటు మొత్తం మాట్లాడుకుని రుషికొండ దాకా వెళ్తే కొండ మీద కట్టిన కొత్త భవనాలు కనిపిస్తాయి. వాటి గురించి నేనేం చెప్పను. బోటులో ఇద్దరుంటే రెండు అభిప్రాయాలుంటాయి, మీరు ఊరికే వినండి, తిరుగు ప్రయాణం తొందరగా గడిచిపోతుంది.

ఫోటోలు

నౌకాదళం ఓడలు, డాల్ఫిన్ నోస్ వైపు కట్టడాలు తీయొద్దు. తూర్పు నౌకాదళం కేంద్రం ఇదే, సిబ్బంది వద్దన్న చోట వాదించకండి. డ్రోన్ ఆలోచనే పెట్టుకోకండి. మేడలకి ఫోన్‌ని జూమ్ చేస్తే బురదలా వస్తుంది. వెడల్పుగా, కొండా మేడా ఇసుకా నీళ్లూ నాలుగు పొరలూ పడేలా తీయండి. బోటు కెరటం మీద పైకి లేచి ఒక్క క్షణం ఆగుతుంది, నొక్కాల్సింది అప్పుడే. బైనాక్యులర్స్ ఉంటే ఫోను కంటే అదే మేలు. లెన్సు మీద ఉప్పు పొర పడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, తడి గుడ్డతో అద్దండి.

దిగాక

దిగేటప్పుడు అందరితో పాటు లేవకండి, చివర దిగండి. సూత్రం ఎక్కేటప్పటిదే, బోటు పైకొచ్చినప్పుడు అడుగు. కాసేపు నేల ఊగుతున్నట్టుంటుంది. ఓ నిమ్మకాయ సోడా తాగి కూర్చుంటే పోతుంది.

ఓపికుంటే అక్కడి నుంచి ఆటోలో పాత ఊరికి, రాస్ హిల్ చర్చి దాకా వెళ్లండి. పక్కపక్కనే మూడు గుట్టలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. బోటు మిమ్మల్ని తీసుకెళ్లని కాలువ, పెద్ద ఓడలు లోపలి రేవుకి వెళ్లేది, పైనుంచి కనిపిస్తుంది. పెద్ద ఓడేదైనా వచ్చే వేళకి ఉంటే, టగ్గులు దాన్ని మెల్లగా లాక్కుంటూ డాల్ఫిన్ నోస్ పక్క నుంచి ఇళ్ల మధ్యకి తెస్తున్నట్టే ఉంటుంది. మేం వెళ్లిన రోజు అత్తయ్య అక్కడి మెట్ల మీద కూర్చుని అప్పటికి రెండో సోడా తాగుతోంది.